సన్యాసమ్మ ఒడిలో శంఖం

ఖిదిర్‌పూర్ రేవు పక్క తెలుగు కూలీల లైన్లలో కూర్మయ్యను ఎవరూ పెళ్ళికి పిలవరు. బారసాలకు పిలవరు, పేరంటం ఊసే లేదు. దారిలో ఎదురొస్తే ఆడవాళ్ళు పక్కకు తిరిగి చంటిపిల్లల ముఖం మీద కొంగు కప్పుతారు. అలాగని కూర్మయ్య చెడ్డవాడు కాడు. తాగి తందనాలాడడు, ఒకరి జోలికి పోడు. ఓడల డాక్‌లో మూటలు మోసి, ఇంటికొచ్చి ఇంత గంజి తాగి పడుకునే మనిషి. ఆయన చేసుకున్న పాపమల్లా దాసుడింట పుట్టడమే.

శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చిన మనవాళ్ళు చాపలూ చట్టీలతో పాటు తమ దాసుణ్ణి కూడా వెంట తెచ్చుకున్నారు. ఎవరైనా పోతే దాసుడు నామం పెట్టుకుని వచ్చి, పాడె ముందు నడుస్తూ జేగంట కొట్టాలి, శంఖం ఊదాలి. ఆ శంఖం వినపడితేనే పోయినవాడికి దారి తెలుస్తుందని మనవాళ్ళ నమ్మకం. తండ్రి పోయాక ఆ శంఖం కూర్మయ్యకు వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా ఆయన ఏ గడప ముందు నిలబడ్డా, ఆ ఇంట్లో ఒకరిని అప్పటికే నేల మీదికి దించేసి ఉంటారు. నాలుగేళ్ళ కిందట సొంత భార్యకు కూడా ఆయనే ఊదుకున్నాడు.

ఇలాంటి మనిషిని ఏరికోరి రోగుల దగ్గరికి పంపాలన్న బుద్ధి ఎవరికి పుట్టిందంటారా? తప్పు కొండయ్యది. కొండయ్య మిషను ఆసుపత్రిలో వార్డుబాయ్. ఎనభై ఆరులో ఆ ఆసుపత్రిలో కొత్త చదువు ఒకటి మొదలుపెట్టారు. మందులూ సూదులూ డాక్టర్లు చూసుకుంటారు. రోగి పక్కన కూర్చుని అతని మనసులో బరువు వినడానికి మనుషులను తయారు చేసే చదువు అది. నడిపేవాడు బిశ్వాస్ బాబు అనే బెంగాలీ పాస్టరు. ఏ మతమైనా సరే, వినే చెవి ఉంటే చాలనేవాడు. ఒక మౌల్వీ, ఇద్దరు సిస్టర్లు చేరారు. డాక్ నుంచి వచ్చే తెలుగు రోగుల కోసం ఎవరూ దొరకలేదు. జ్వరం పెరిగితే మనిషికి తల్లి భాషే కదా వస్తుంది. అందుకని ఆయన కొండయ్యను పిలిచి, "చావు దగ్గర పడితే మీవాళ్ళలో దేవుడి మాట ఎవరు పలుకుతారు?" అని అడిగాడు.

"కూర్మయ్య" అన్నాడు కొండయ్య, చేతులు కట్టుకుని.

దగ్గర పడినప్పుడు వేరు, అయిపోయాక వేరు. ఆ తేడా చెప్పడానికి కొండయ్యకు నోరు రాలేదో, బుర్రకు తట్టలేదో మరి. కొంప మునిగింది అక్కడే.

కూర్మయ్యకు మాత్రం తెలియదా? తెలుసు. తెలిసీ ఒప్పుకున్నాడు. ఎందుకంటే బతికున్న మనిషి దగ్గరికి రమ్మని ఆయన్ను పిలవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఆ సంతోషంలో మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. కొత్త తెల్లచొక్కా కుట్టించుకున్నాడు. నామం శుభ్రంగా కడుక్కుని, శంఖం గూట్లో పెట్టి, శనివారం శనివారం ట్రాము ఎక్కి ఆ చదువుకు వెళ్ళాడు.

చదువంటే పుస్తకాలు లేవు. మంచం మీద కూర్చోకూడదు, స్టూలు వేసుకుని రోగి కళ్ళకు సమానంగా కూర్చోవాలి. అడగందే దేవుడి పేరు ఎత్తకూడదు. "ఏమీ కాదులే" అన్న మాట చచ్చినా అనకూడదు, ఏం కానుందో మనకు తెలియదు కాబట్టి. అన్నిటికన్నా కష్టమైన పని ఏమిటంటే, రోగిని చూసి వచ్చాక అతనేమన్నాడో, తానేమన్నాడో మాట పొల్లుపోకుండా అందరి ముందూ అప్పజెప్పాలి. మిగతావాళ్ళు రాసుకుని తడబడేవాళ్ళు. కూర్మయ్యకు రాత రాదు. కానీ తండ్రి నేర్పిన పదాలన్నీ నోటికి పట్టిన మనిషి, ఒక బెంగాలీ ముసలాయనతో మాట్లాడింది మొత్తం దగ్గుతో సహా వల్లించేశాడు. బిశ్వాస్ బాబు నోరు తెరిచి విన్నాడు. కూర్మయ్యకు నెత్తిన పాలు పోసినట్టయింది.

ఆ తరవాతి శనివారమే మగవాళ్ళ సర్జికల్ వార్డులో, పదిహేడో మంచం దగ్గరికి ఆయన్ను పంపారు. రోగి తెలుగువాడు, పేరు అప్పలసూరి. కూర్మయ్య లైనుకు రెండు లైన్ల అవతల ఉంటాడు. క్రేను నుంచి జనపనార బేలు జారి కుడిపాదం మీద పడింది. పాదం నల్లబడింది, విషం పైకి పాకుతోంది. మోకాలి కింద తీసేయకపోతే మనిషి దక్కడని డాక్టరు చెప్పాడు. అప్పలసూరి ఏడ్చి, ఏడ్చి, ఆ పొద్దుటే కాగితం మీద వేలిముద్ర వేశాడు. సోమవారం కోత.

కూర్మయ్య స్టూలు లాక్కుని, చెప్పినట్టే కళ్ళకు సమానంగా కూర్చున్నాడు. అప్పలసూరి కళ్ళు తెరిచాడు. చూశాడు. ఆ ముఖంలో నెత్తురు చూస్తూండగానే దిగిపోయింది.

"మావా... నాకేనా?"

ఆ ఒక్క మాటకు కూర్మయ్య నేర్చినదంతా గాలికి పోయింది. "నేదు సూరీ, ఊరికే సూసెల్దామని వొచ్చినాను" అన్నాడు.

దాసుడు ఊరికే వస్తాడా? లోకంలో ఎక్కడైనా వచ్చాడా?

"డాకటేరు నాకు సెప్పనిది నీకు సెప్పినాడు. మా ఆడది కబురెట్టిందా? ముందుగానే వొచ్చీసినావా?" అప్పలసూరి మోచేతుల మీద లేవబోయాడు. "సిస్టరూ! నా ఏలిముద్ర నాకిచ్చీండి! సచ్చీవోడికి కాలెందుకు కోత్తారు? నిండు మడిసిగానే పోతాను, నన్నొగ్గీండి!"

వార్డంతా లేచి కూర్చుంది. సిస్టరు వచ్చి కూర్మయ్యను బయటికి పొమ్మంది. ఆయన వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. లోపల నుంచి అప్పలసూరి కేక ఇంకా వినిపిస్తూనే ఉంది. సాయంత్రానికి డాక్టరు వచ్చి నచ్చజెప్పి విసిగిపోయాడు. మంగళవారం దాటితే కాలు కోసినా లాభం లేదని చెప్పి వెళ్ళాడు.

ఆదివారం తెల్లారేసరికి లైన్లన్నీ ఇదే మాట. దాసుణ్ణి ఆసుపత్రిలో పనికి పెట్టుకున్నారట, పోయేవాళ్ళ పేర్లు ముందే చెబుతారట, ఆయన ఏ మంచం పక్కన స్టూలు వేస్తే ఆ మంచం ఖాళీ అట. నోటికి అడ్డేముంది! ఇద్దరు ముసలివాళ్ళు ఇక చచ్చినా ఆ ఆసుపత్రికి వెళ్ళమని ఒట్టేసుకున్నారు కూడా.

ఎనిమిదింటికి అప్పలసూరి భార్య సన్యాసమ్మ కూర్మయ్య గుమ్మం ముందుకు వచ్చింది. ఒకరి ఇంటికి ఆయన వెళ్ళడమే గానీ ఆయన ఇంటికి ఒకరు రావడం ఆ లైనులో ఎవరూ ఎరగరు. జుట్టు ముడి ఊడిపోయింది, పిచ్చిదానిలా ఉంది.

"నీకేటి అపకారం సేసినాం బావూ? నిన్నెవులు పిలిసినారు? నాను పిలిసినానా? నా మెడలో తాడు ఇంకా ఉన్నాది, సూడు! కళ్ళు తెరిసి సూడు!"

కూర్మయ్య తల ఎత్తలేదు.

"ఒప్పుకున్నోడు, ఏలిముద్ర ఏసినోడు. నువ్వెల్లి కూకున్నావు, ఇప్పుడు మందు మింగడు, మాటాడడు. గోడేపు తిరిగి తొంగున్నాడు. ఆయనకేటన్నా అయితే నువ్వే ఊదుతావు కదా? సంపీసి నువ్వే ఊదుతావు కదా?"

ఆమె వెళ్ళాక కూర్మయ్య గూట్లో ఉన్న శంఖం వైపు చూశాడు. సన్యాసమ్మ అన్నది అక్షరాలా నిజం. అప్పలసూరి పోతే ఆ పాడె ముందు నడవవలసింది తనే. ఇంతమందికి ఊదాడు గానీ, తను చంపినవాడికి ఎప్పుడూ ఊదలేదు. ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

మధ్యాహ్నం బిశ్వాస్ బాబు ఇంటికి వెళ్ళి, ఆసుపత్రివాళ్ళు చొక్కాకు గుచ్చుకోమని ఇచ్చిన చీటీ తిరిగి ఇచ్చేశాడు. జరిగింది జరిగినట్టు వల్లించాడు. దాసుడంటే ఏమిటో అప్పుడు చెప్పాడు. పాస్టరు నెత్తి పట్టుకున్నాడు.

"తప్పు నాది. అడగవలసింది సరిగ్గా అడగలేదు. కానీ దాదా, మీరు ఇప్పుడు మానేస్తే అతనికి మిగిలేది నిన్నటి మీ ముఖమే."

"నాకు బయంగా ఉన్నాది బాబూ. పోయినోళ్ళు నన్నేటీ అడగరు. ఈడు అడిగినాడు."

"ఏం అడిగాడు?"

"నాకేనా అని."

"మీరు ఊరికే వచ్చానన్నారు."

కూర్మయ్య వెళ్ళడానికి లేచాడు.

"వెళ్ళి అతని భయం ఏమిటో అడగండి. జవాబు తెలిస్తేనే చెప్పండి" అని బిశ్వాస్ బాబు చీటీ మళ్ళీ ఆయన చేతిలో పెట్టాడు.

సోమవారం డాక్ పని మానుకుని, చంకలో గుడ్డసంచితో కూర్మయ్య ఆసుపత్రికి వెళ్ళాడు. పదిహేడో మంచం దగ్గర వాసన వేస్తోంది, ఆ పాదం వాసన. ముప్ఫై ఏళ్ళు శవాల ముందు నడిచిన మనిషికి ఆ వాసన కొత్త కాదు, కానీ బతికున్న మనిషి ఒంటి మీద అది మొదటిసారి. అప్పలసూరి గోడవైపు తిరిగి ఉన్నాడు. కూర్మయ్య స్టూలు లాగిన చప్పుడుకే వీపు బిగుసుకుంది.

"నానే సూరీ. నిన్నెవులూ వొదిలీనేదు. మీ ఆడది నన్ను పిలవనేదు. నాను ఆసుపత్రోళ్ళ సదువు సదువుకుంతన్నాను, అందుకొచ్చినాను. నువ్వు సచ్చిపోతావని నాకెవులూ సెప్పనేదు. బతుకుతావని కూడా సెప్పనేదు."

పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది.

"నీకేటంటే బయం?" అని అడిగాడు కూర్మయ్య.

"నాకేటీ బయం నేదు" అన్నాడు అప్పలసూరి. ఇటు తిరిగి, "అబద్దం. బయమే" అన్నాడు. రెండు రోజుల్లో బుగ్గలు లోపలికి పోయాయి. "నువ్వు ఇంతమందికి ఊదినావు గదా మావా. ఆళ్ళంతా ఎక్కడికెల్లినారు? ఒక్కడైనా వొచ్చి సెప్పినాడా?"

వైకుంఠం అన్న మాట కూర్మయ్య నాలుక చివరిదాకా వచ్చింది. తండ్రి నేర్పిన మాట, ఏడ్చే ప్రతివాళ్ళకూ చెప్పిన మాట. దాన్ని మింగాడు.

"నాకు తెల్దు సూరీ. మా యింటిదానికీ నానే ఊదినాను. ఎక్కడికెల్లిందో తెల్దు. ఊదినప్పుడల్లా నాకూ బయమేత్తాది."

"మరెందుకు ఊదుతావు?"

"ఊదకపోతే ఇంకా బయం."

అప్పలసూరి ముఖం అదోలా అయింది. నవ్వబోయి ఏడ్చాడు. కోత బల్ల మీదే పోతే ఏమిటి గతి, ఒంటికాలివాడు శంఖం చప్పుడు వెంట నడవగలడా, దారిలోనే కూలబడిపోతాడా అని చిన్నపిల్లాడిలా అడుగుతూ పోయాడు. కూర్మయ్య అన్నిటికీ తెల్దు, తెల్దు అన్నాడు. కానీ లేచి వెళ్ళలేదు. అంతా అయ్యాక సంచిలోంచి శంఖం తీసి మంచం మీద పెట్టాడు.

అప్పలసూరి పాము కరిచినట్టు వెనక్కి జరిగాడు.

"ఇది మా అయ్యది, మా తాతది. ఇంకోటి నేదు" అన్నాడు కూర్మయ్య. "నీకు ఊదాలంటే ఇది నా సేతిలో ఉండాల. నీ కాడే ఉంచీసుకో. నీయంతట నువ్వు ఇచ్చీదాకా నాను అడగను. లైన్లో ఎవులు పోయినా అడగను."

దాసుడు శంఖం వదలడం ఎక్కడా వినలేదు. ఈ వారంలో ఎవరైనా పోతే ఏం ముఖం పెట్టుకుని వెళ్ళాలి? పెద్దవాళ్ళు కొడితే కొట్టనీ అనుకున్నాడు.

అప్పలసూరి ఒక వేలితో శంఖాన్ని తాకాడు. తరవాత అరచేయి వేశాడు. మెల్లగా దుప్పటి కిందికి లాక్కున్నాడు. ఆ సాయంత్రం మళ్ళీ వేలిముద్ర వేశాడు.

మంగళవారం పదింటికి ట్రాలీ మీద తీసుకెళుతూంటే, ఆపరేషను గది తలుపు దగ్గర గొడవైంది. అప్పలసూరి గుండెల మీద శంఖం హత్తుకుని ఉన్నాడు. లోపలికి ఏ వస్తువూ రాకూడదంది సిస్టరు. తీసి పక్కనున్న కూర్మయ్యకు ఇవ్వబోయింది. కూర్మయ్య రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టేసుకున్నాడు. తను ముట్టుకుంటే అప్పలసూరి ట్రాలీ దిగి ఒంటికాలితో గెంతుకుంటూ పోతాడని ఆయనకు తెలుసు.

అప్పుడు సన్యాసమ్మ ముందుకు వచ్చింది. పుస్తె ఉన్న ఆడది దాసుడి శంఖం కేసి చూడను కూడా చూడదు, అది వీధిలో పోతూంటే తలుపేసుకుంటుంది. ఆమె చెయ్యి చాచింది.

"ఇలా తే. నాను అట్టుకుంతాను. ఈ బావుకి ఇవ్వను, సరేనా?" అంది మొగుడితో.

అప్పలసూరి ఆమె ముఖం చూసి, చెయ్యి వదిలాడు. తలుపు మూసుకుంది.

వరండాలో బల్ల మీద ఆమె కూర్చుంది. ఒడిలో కొంగు, కొంగు కింద శంఖం. రెండు చేతులతో అదిమి పట్టుకుంది, వదిలితే దానంతట అదే మోగుతుందేమో అన్నట్టు. బల్ల ఆ చివర కూర్మయ్య కూర్చున్నాడు. పదకొండింటికి కరెంటు పోయింది. వరండా చీకటైంది. లోపలా చీకటేనా? కత్తి పట్టుకున్న చేతికి కనిపిస్తోందా? సన్యాసమ్మ లేచి నిలబడింది. కింద ఎక్కడో జనరేటరు దగ్గి, దగ్గి, అందుకుంది. తలుపు కింద సందులో వెలుతురు గీత మళ్ళీ వచ్చింది.

"ఏటీ అవదని సెప్పు బావూ" అంది ఆమె. "నీ కాళ్ళట్టుకుంతాను. ఒక్క మాట సెప్పు."

చెప్పేస్తే ఎంత తేలిక! కూర్మయ్య "నాను లెగనమ్మా. ఇక్కడే ఉంతాను" అన్నాడు. బల్ల మీద జరిగి ఆమెకు దగ్గరగా కూర్చున్నాడు. అంతకన్నా ఏమీ చేతకాలేదు. ఇద్దరూ ఆ వెలుతురు గీతకేసి చూస్తూ కూర్చున్నారు. మూడు గంటలు.

డాక్టరు బయటికి వచ్చి, మనిషి దక్కాడని బెంగాలీలో చెప్పాడు. సన్యాసమ్మకు అర్థమైంది, కానీ శంఖం చుట్టూ బిగిసిన వేళ్ళు విడలేదు. ఒక్కొక్క వేలూ సిస్టరే విడదీయవలసి వచ్చింది.

శనివారం కూర్మయ్య అంతా అప్పజెప్పాడు. "ఆ మూడు గంటలూ ఆమెకు మీరేం చెప్పారు?" అని అడిగాడు బిశ్వాస్ బాబు.

"ఏటీ సెప్పనేదు బాబూ. పక్కన కూకుని నానూ బయపడ్డాను."

మౌల్వీ సాహెబు లేచి కూర్మయ్యకు టీ గ్లాసు అందించాడు.

అప్పలసూరి శంఖం తిరిగి ఇవ్వలేదు. "నాను బతికున్నన్నాళ్ళూ మా యింట్లోనే ఉంతాది. ఎవులైనా పోతే అడిగి అట్టుకెళ్ళి, మల్లీ తెచ్చి ఇచ్చీ" అన్నాడు. పెద్దలు నాలుగు రోజులు చిందులు వేసి ఊరుకున్నారు. సన్యాసమ్మ మొదట దాన్ని ఇంటి బయట, వరండా చూరు కింద మేకుకు తగిలించింది. వానాకాలం వచ్చాక గుమ్మం పక్క గూట్లోకి మార్చింది. యూనియనువాళ్ళు తిరిగి తిరిగి అప్పలసూరికి డాక్ గేటు దగ్గర స్టూలు మీద కూర్చునే పని ఇప్పించారు. ఆసుపత్రిలో కూర్మయ్య చదువు పూర్తి చేశాడు. తెలుగు రోగి పక్కన స్టూలు వేసిన ప్రతిసారీ మొదటి మాట ఒకటే చెప్పేవాడు: "నా కాడ శంఖం నేదు బాబూ, అది అప్పలసూరి ఇంట్లో ఉన్నాది." ఆ మాటకు ఎంతటి రోగికైనా ఊపిరి తిరిగేది.

ఆయనకు మాత్రం తిరగలేదు. లైన్లో ఎవరు పోయినా అప్పలసూరి గుమ్మం ముందు నిలబడి, "సన్నేసమ్మా" అని పిలవాలి. పిలిచిన ప్రతిసారీ లోపలి నుంచి అప్పలసూరి గొంతు వినపడేది: "నాకేనా మావా?" వెనకే నవ్వు. ఆ నవ్వు విన్నాకే కూర్మయ్య గుమ్మం ఎక్కేవాడు. అలా పదిహేనేళ్ళు.

రెండు వేల ఒకటి శ్రావణంలో ఒక పొద్దుట అప్పలసూరి ఇంటి నుంచి కబురు వచ్చింది. గుండె నొప్పి, ఆసుపత్రికి తీసుకెళ్ళే వేళ కూడా లేదు. కూర్మయ్యకు అప్పటికి అరవై అయిదు. నామం పెట్టుకుని, జేగంట పట్టుకుని, ఆ గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డాడు. జనం దారి ఇచ్చారు. పిలవాలి. నోరు రాలేదు. లోపలి నుంచి ఎవరూ ఏమీ అడగలేదు.

సన్యాసమ్మే లేచి వచ్చింది. గూట్లోంచి శంఖం తీసింది, కొంగుతో తుడిచింది, రెండు చేతులతో అందించింది. ఆమె చేతులు నిమ్మళంగా ఉన్నాయి.

"పనయ్యాక మల్లీ తెచ్చి ఈ గూట్లోనే ఎట్టీ బావూ" అంది. "ఆసుపత్రిలో నువ్వు సెప్పీ మాట అబద్దమైపోకూడదు."

కూర్మయ్య తల ఊపాడు. పాడె లేచింది. ముందుకు వెళ్ళి శంఖం నోటికి పెట్టుకున్నాడు గానీ, మొదటి ఊదుకు ఊపిరి అందలేదు, రెండోసారికి అందింది.